ముల్లు ఆగేదాకా

నడిరోడ్డు మీద బోర్లా పడుకున్న మనిషి కనిపిస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ ముల్లు మామయ్య పడుకుని ఉంటే ఆ దారిన పోయే లారీ డ్రైవర్లు చెయ్యి ఊపి వెళ్లిపోతారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన ఉద్యోగమే అది. రోడ్ల పరిశోధన ఆఫీసులో అందరూ కుర్చీల్లో కూర్చుని పని చేస్తే ఈయన మాత్రం పొట్ట మీద పడుకుని చేస్తాడు. ‘అదృష్టవంతుడు, పడుకుంటే జీతం ఇస్తారు’ అని ఆఫీసులో కుర్రకారు ఆట పట్టిస్తుంటారు. ఎండాకాలం మధ్యాహ్నం తారు మీద ఒక్క నిమిషం పడుకుని చూస్తే ఆ అదృష్టం ఏపాటిదో వాళ్లకీ తెలిసేది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. నిండా కంకర ఎక్కించిన లారీని సుద్దతో గీసిన గుర్తు మీద ఆపిస్తాడు. వెనక జంట టైర్ల మధ్య సందులోకి పొడుగాటి సన్నని బీమ్ దూరుస్తాడు. దాని కొస రోడ్డుకి ఆనుతుంది. ఈ చివర గడియారం లాంటి డయల్ ఉంటుంది. ఆ బరువుకి రోడ్డు ఎంత కుంగిందో, లారీ ముందుకి జరిగాక ఎంత పైకి లేచిందో డయల్లో ముల్లు చెబుతుంది. అదంతా వెంట్రుక మందంలో జరిగే వ్యవహారం. ఆ వెంట్రుకని చదవడంలో ఆయన్ని మించినవాడు లేడు కనుక ముల్లు మామయ్య అయ్యాడు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు.

"తారు రోడ్డంటే రాతి బండ కాదు, పరుపు," అంటుంటాడు కొత్తగా చేరినవాళ్లతో. "కూర్చుంటే కుంగాలి, లేస్తే లేవాలి. లేవడం మానేసిందంటే దానికి జబ్బు చేసినట్టు."

ఆ సోమవారం పద్నాలుగో కిలోమీటరు దగ్గర, మిట్ట ఎక్కే వైపు ఎడమ వరసలో పని. బీమ్ రీడింగులు అయ్యాక గాడి కొలిచాడు. మూడు మీటర్ల బద్దని రోడ్డుకి అడ్డంగా పరిచి, చక్రాలు పోయి పోయి పడిన గాడిలోకి అంకెలు చెక్కిన చీలికని మెల్లగా తోశాడు. ఎక్కడ బిగుసుకుంటే అంత లోతు.

"పందొమ్మిది," అన్నాడు.

పక్కన స్టూలు మీద కూర్చుని రీడింగులు రాసుకునే అక్క కలం ఎత్తి పట్టుకుంది. "ఇంకోసారి చూడండి మామయ్యా."

ఇంకోసారి చూశాడు. బద్దని జానెడు పక్కకి జరిపి మూడోసారీ చూశాడు. పందొమ్మిది మిల్లీమీటర్లు. అక్క తన కాగితంలో అచ్చు వేసి ఉన్న అంకె మీద వేలు పెట్టి చూపించింది. అక్కడ తొమ్మిది అని ఉంది.

ఆ అచ్చు అంకె ఎక్కడిదంటే, ఐదేళ్ల కిందట ఈ రోడ్డు వేసిన రోజుల్లోనే ఒక ఇంజనీరు కంప్యూటర్లో లెక్క కట్టి, ఏ ఏడు ఎక్కడ ఎంత గాడి పడుతుందో ముందుగానే చెప్పి పెట్టాడు. ఇప్పుడు ఆయన చెప్పిందీ రోడ్డు మీద జరిగిందీ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. సరిపోతే ఇకమీదట అన్ని రోడ్లకీ ఆ లెక్కే వాడతారు. ఇప్పటిదాకా కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోతూ వచ్చింది. ఎనిమిదన్న చోట ఎనిమిది, ఏడన్న చోట ఏడున్నర. శుక్రవారం మధ్యాహ్నానికి రిపోర్టు పైకి వెళ్లాలి.

ఆ ఇంజనీరు ముల్లు మామయ్యకి అల్లుడు. లెక్క ముందు పుట్టింది, చుట్టరికం ఆ తర్వాత కుదిరింది. ఆఫీసు గేటు లోపల ఈయన ఆయన్ని ‘సార్’ అంటాడు, ఆయన ఈయన్ని ‘మామయ్యగారూ’ అంటాడు. గేటు దాటితే ఈయన ‘బాబూ’ అంటాడు, ఆయన అప్పుడూ ‘మామయ్యగారూ’ అనే అంటాడు. రోజుకి రెండుసార్లు నాలుక మడత పెట్టుకోవాల్సిన అవస్థ ఈయన ఒక్కడిదే.

"పాపం, అల్లుడుగారి లెక్కకి దిష్టి తగిలింది," అంది అక్క రాసుకుంటూ.

మామయ్య లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. అవతల, తాము అడ్డం పెట్టిన ఎర్ర డబ్బాల వెనక, మిట్ట మీద ఉన్న తూకం కాటా కోసం లారీలు బారులు తీరి ఉన్నాయి. రోజూ ఉండేవే.

*

మంగళవారం పొద్దున్న కొలతల పుస్తకం ఇవ్వడానికి అల్లుడి గదిలోకి వెళ్లేసరికి గోడ మీద పెద్ద గ్రాఫు అంటించి ఉంది. నీలి గీత లెక్క చెప్పింది. ఎర్ర చుక్కలు ముల్లు మామయ్య కొలిచినవి. చుక్కలన్నీ గీతని అంటిపెట్టుకుని బడికి వెళ్లే పిల్లల్లా వరసగా నడుస్తున్నాయి. ఒక్క పద్నాలుగో కిలోమీటరు చుక్క మాత్రం గోడెక్కి కూర్చుంది.

అల్లుడు దాని ఎదురుగా నిలబడి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. నెమ్మదస్తుడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఐదేళ్లుగా ఆ గీతని కన్నబిడ్డలా చూసుకున్నాడని మామయ్యకి తెలుసు. అమ్మాయితో పెళ్లి మాటలకి వచ్చినప్పుడు కూడా మధ్యలో ఆ లెక్క గురించే అరగంట మాట్లాడాడు.

"కొలతలో తేడా ఏమీ లేదు కదా మామయ్యగారూ?"

"మూడుసార్లు చూశాను సార్."

"మీరు చూశారంటే ఇక అనుమానం లేదు." అల్లుడు కుర్చీలో కూర్చున్నాడు. "పెద్ద సార్ కారణం రాయమంటున్నారు. ఒకటే కారణం కనిపిస్తోంది. ఇక్కడ రోలర్ సరిగ్గా తిప్పి ఉండరు. లోపల గుల్ల ఉంటే లారీలు తొక్కి తొక్కి అణిచేస్తాయి, గాడి పడుతుంది."

ఆ చోట రోలర్ నడిపింది ఎవరో పాత పుస్తకాల్లో వెతికించాడు. నత్తన్న. ముప్పై ఏళ్లుగా రోలర్ మీదే బతుకుతున్నవాడికి అంతకన్నా తగిన పేరు ఎవరు పెట్టగలరు? నత్త అంటే కోపం రాదా అని అడిగితే, ‘నత్త వెళ్లిన చోట జాడన్నా ఉంటుంది, మీరు వెళ్లిన చోట ఏముంటుంది’ అనేవాడు.

కబురు వెళ్లిన పావుగంటకి నత్తన్న వచ్చాడు. చేతులకి గ్రీజు ఉందని కుర్చీ ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"కూర్చోండి."

"పరవాలేదు సార్."

"పద్నాలుగో కిలోమీటర్లో మీరే కదా తిప్పింది?"

"నేనే సార్. మిట్ట ఉంటుంది అక్కడ."

"ఎన్నిసార్లు తిప్పారు?"

"పుస్తకంలో ఎనిమిది అని ఉంటుంది సార్."

"పుస్తకంలో అందరికీ ఎనిమిదే ఉంది. మేస్త్రీ ఒకే కలంతో రాసుకుంటూ పోయాడు. నిజంగా ఎన్ని?"

నత్తన్న గోడ మీద గ్రాఫు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. అబద్ధం చెప్పేవాడైతే పదీ అనో పన్నెండూ అనో క్షణంలో చెప్పేసేవాడు.

"లెక్క పెట్టుకోలేదు సార్. చాలనిపించేదాకా తిప్పాను."

అల్లుడు ఒక నిట్టూర్పు విడిచి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "సరే, వెళ్లండి," అన్నాడు. కఠినంగా అనలేదు. ఆ మెత్తదనమే మామయ్యకి ముల్లులా గుచ్చుకుంది. కోప్పడి ఉంటే కనీసం పోట్లాడటానికి వీలుండేది.

వరండాలో నత్తన్న ఆయన కోసం ఆగి ఉన్నాడు.

"బావా, రిపోర్టు వెళ్లగానే నన్ను రోలర్ మీంచి దింపి స్టోరు గేటు దగ్గర కూర్చోబెట్టమన్నారట పెద్ద సార్. ప్యూను చెప్పాడు."

"ప్యూన్లు చెప్పేవన్నీ నమ్ముతావా?"

"ఈ ఆఫీసులో నిజం చెప్పేది వాళ్లే కదా." నత్తన్న నవ్వబోయి మానేశాడు. "గేటు దగ్గర కుర్చీ కదలదు బావా. ముప్పై ఏళ్లు కదిలేదాని మీద కూర్చున్నాను. నిద్రొచ్చి పడిపోతాను." తర్వాత అడిగాడు. "ఇంతకీ ఎంత వచ్చింది నీ కొలతలో?"

"పందొమ్మిది."

"మిగతా చోట్ల?"

"ఎనిమిది, తొమ్మిది."

నత్తన్న తన గ్రీజు చేతుల వైపు చూసుకున్నాడు. "అంత తేడా ఉందంటే తప్పు నాదేనేమో," అన్నాడు చివరికి. "మిట్ట కదా. ఎక్కడో సరిగ్గా పట్టి ఉండదు."

అలా అని అరచేతులు గుడ్డతో తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. మామయ్యకి అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఆ అంకె తన కంటితో చదివిందే. చదివినందుకు సిగ్గుపడటం ఇరవై ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి.

*

అమ్మాయీ అల్లుడూ పై వాటాలో ఉంటారు. ‘ఇల్లరికం కాదు, మెట్లరికం’ అని అమ్మాయి మొగుణ్ణి ఏడిపిస్తుంటుంది. మంగళవారం రాత్రి భోజనాలు కిందే.

"నాన్నా, నువ్వు ఈయన లెక్క పాడు చేశావట," అంది అమ్మాయి కూర్చుంటూనే.

"ఆయన పాడు చేయడమేంటి, రోలర్ సరిగ్గా తిరగలేదంతే," అన్నాడు అల్లుడు. "ఆ ఒక్కటీ తప్పిస్తే అన్నీ సరిపోయాయి. కారణం కూడా దొరికింది కనుక లెక్కకి వచ్చిన నష్టం ఏమీ లేదు."

అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. ఈ రిపోర్టు బాగుంటే మొగుడి లెక్క అన్ని చోట్లకీ వెళ్తుందని ఆ పిల్లకి ఎంత సంబరమో. మామయ్య ముద్ద కలుపుతూనే ఉన్నాడు కానీ నోట్లో పెట్టుకోవడం లేదు. ఆయన భార్య అది గమనించింది. వడ్డిస్తున్న గరిటె ఒక్క క్షణం ఆపి, ఏమీ ఎరగనట్టు మళ్లీ వడ్డించింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆయన ముఖాన్ని డయల్ చదివినట్టు చదవడం నేర్చుకుంది.

పిల్లలు పైకి వెళ్లాక గిన్నెలు సర్దుతూ అడిగింది.

"ఏంటి సంగతి?"

"ఏం లేదు."

"ఏం లేనివాడు మూడు ముద్దలతో లేవడు. చెప్పండి."

చెప్పాడు. పందొమ్మిది గురించి, నత్తన్న గురించి. మిట్ట మీద కాటా పెట్టి మూడేళ్లయింది. అప్పట్నుంచీ పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నిండు లారీలు ఆ ఎడమ వరసలో నిలబడే ఉంటాయి. ఒకటి జరిగితే దాని చోటుకి ఇంకొకటి వస్తుంది.

"పోయే బండి కింద రోడ్డు కుంగి లేస్తుంది. ఆగిన బండి కింద కుంగుతూనే ఉంటుంది. నేను రోజూ చూస్తాను కదా. బీమ్ పెట్టాక ముల్లు వెంటనే ఆగదు. జరుగుతూ జరుగుతూ ఉంటుంది. అది ఆగేదాకా కాచుకుని అప్పుడు చదవాలి. ఎండగా ఉంటే ఎంతసేపైనా ఆగదు."

"దీనికి అంత చెప్పాలా? మన పరుపులో మీ వైపు గుంట పడలేదూ? రోజూ అక్కడే పడుకుంటారు కనుక పడింది. పరుపు కుట్టినవాడిదా తప్పు?"

ఆయన ఆవిడ వైపు తెల్లబోయి చూశాడు. ఇన్నాళ్లూ తను కొత్తవాళ్లకి చెబుతూ వచ్చిన పరుపు పాఠం ఆవిడకి తనకంటే బాగా తెలుసు.

"మరి ఈ మాట అల్లుడితో చెప్పలేక నీళ్లు నములుతున్నారా?"

"ఎలా చెప్పను? ఆయన పెద్ద చదువులు చదివాడు. నేను ముల్లు చదివాను. ఆఫీసులో మాది చదివి చెప్పే పని, అర్థం చెప్పే పని కాదు. పైగా మొదటి పెద్ద రిపోర్టు. నీ లెక్క తప్పయ్యా అని మామగారే అంటే ఆయన మనసుకి ఎలా ఉంటుంది? అమ్మాయి ముఖం చూశావా ఇందాక?"

"చూశాను. నత్తన్న పెళ్లాం ముఖం మీరు చూడలేదు. సాయంత్రం సంతలో కనిపించింది. ఆయన మధ్యాహ్నం నుంచీ మాట్లాడటం లేదట." ఆవిడ గిన్నె బోర్లించింది. "లెక్క తప్పని ఎవరు అనమన్నారు మిమ్మల్ని? మీకు మాట్లాడటం రాదు, నాకు తెలుసు. మీకు వచ్చిన పని చూపించండి. కళ్లున్నవాడు చూసుకుంటాడు."

*

చెప్పడం తేలికే. బుధవారం మామయ్య రెండుసార్లు అల్లుడి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మూడోసారి లోపలికి వెళ్తే, "ఏంటి మామయ్యగారూ, పుస్తకంలో ఏమన్నా దిద్దాలా?" అని అడిగాడు అల్లుడు. "లేదు సార్," అని టేబుల్ మీద పెన్ను సర్ది బయటికి వచ్చాడు. ఆ పెన్ను సరిగ్గానే ఉంది.

వచ్చి తన మూల బల్ల దగ్గర కూర్చుని కొలతల పుస్తకం తిరగేశాడు. ఎన్నో కిలోమీటరు, ఏ వరస, రోడ్డు వేడి ఎంత, మొదటి అంకె, రెండో అంకె, చివరి అంకె. అన్నిటికీ గడులున్నాయి. మొదటి అంకె రాసేముందు ముల్లు ఆగడానికి ఎంతసేపు పట్టిందన్నదానికి మాత్రం గడి లేదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్ని వేల సార్లు అలా పడుకుని కాచుకున్నాడో, అందులో ఒక్క నిమిషం కూడా ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ఎక్కనిది అల్లుడికి ఎలా తెలుస్తుంది? ఆయన తప్పు కూడా కాదు. రాయవలసింది తమ దగ్గరే ఉండిపోయింది.

ఆ సంగతి తట్టగానే ఆయనకి గుమ్మం దాటడం సులువైంది.

"సార్, రేపు మిట్ట దగ్గర ఒక రీడింగు మీరు తీయాలి."

"నేనా? నాకు రాదు కదా మామయ్యగారూ."

"వస్తుంది. కాస్త ఓపిక ఉంటే చాలు."

ఆయన ఏనాడూ ఏదీ అడిగినవాడు కాదు. అల్లుడు రెండో ప్రశ్న వేయకుండా తల ఊపాడు.

*

గురువారం మిట్ట మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. లారీ డ్రైవరు సుద్ద గుర్తు మీద బండిని అంగుళం తేడా లేకుండా ఆపాడు. రాసే అక్క గోనెపట్టా పరిచి, "చొక్కా మీద ఆశ వదిలేసుకోండి సార్," అంది. ఇంజనీరు బోర్లా పడుకోవడం ఆ రోడ్డు అంతకు ముందు చూసి ఉండదు. అవతల బారులో లారీల్లోంచి నలుగురైదుగురు తలలు బయటపెట్టి చూశారు.

మామయ్య బీమ్ దూర్చి, డయల్ సరిచేసి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ముల్లు ఆగాక ఎంతో చెప్పండి. ఆగకుండా చెప్పకూడదు."

"ఆగిందా అంటే..."

"మీకే తెలుస్తుంది."

అల్లుడు కన్ను డయల్‌కి దగ్గరగా పెట్టాడు. ముల్లు ఒక గీత దాటింది. ఒక గీతంటే మిల్లీమీటరులో నూరో వంతు. ఇంకో సగం గీత జరిగింది. ఒక చెమట చుక్క ముక్కు కొస నుంచి జారి తారు మీద పడి ఆరిపోయింది.

"ఇంకా కదులుతోంది మామయ్యగారూ."

"చూస్తూ ఉండండి."

ఇంకో నిమిషం గడిచింది. లారీ కదల్లేదు, గాలి కూడా కదల్లేదు. ముల్లు మాత్రం నిద్రపోతున్న పిల్లాడి దుప్పటి జారినట్టు మెల్లగా జరుగుతూనే ఉంది.

"ఆగదేంటి ఇది?"

"ఆగదు బాబూ. ఈ ఎండలో బండి నిలబడి ఉన్నంతసేపూ రోడ్డు దిగుతూనే ఉంటుంది." ఆఫీసు పనిలో ఉండి బాబూ అన్నానని ఆయనకి తట్టనే లేదు. "ఆగేదాకా ఎప్పుడూ మేమే కాచుకుంటాం. మీకు ఆగాక వచ్చిన అంకె ఒక్కటే పంపిస్తాం. ఈ కాచుకోవడం మీకు ఎప్పుడూ పంపలేదు. అది మా పొరపాటు."

అల్లుడు కన్ను తీయలేదు. కానీ చూపు మారింది. ఏదో లెక్క లోపల మొదలైనప్పుడు ఆయన కింది పెదవి పళ్ల మధ్యకి వెళ్తుంది. కాసేపటికి మోచేతుల మీద లేచి, మొదటిసారిగా ఎర్ర డబ్బాల అవతలికి చూశాడు. మిట్ట కింద మలుపు దాకా లారీలు. కొందరు డ్రైవర్లు నీడలో కూర్చుని పేకాడుతున్నారు. అంటే ఇప్పట్లో కదిలే ఆశ ఎవరికీ లేదన్నమాట.

"ఇవి రోజూ ఇలాగే ఉంటాయా?"

"కాటా పెట్టినప్పట్నుంచీ."

"నేను వచ్చిన రెండుసార్లూ ఖాళీగా ఉందే."

"మీరు ఆదివారం పొద్దున్న వచ్చారు. ఆదివారం కాటా ఉండదు."

అల్లుడు గోనెపట్టా మీద లేచి కూర్చున్నాడు. చొక్కా ముందంతా నల్లగా తారు అంటుకుంది. "లెక్కలో ఈ రోడ్డంతటికీ ఒకటే వేగం వేశాను," అన్నాడు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "గంటకి అరవై కిలోమీటర్లు."

లారీ డ్రైవరు కిటికీలోంచి వంగి విన్నాడు. "ఈ మిట్ట మీద అరవైలోనా సార్? నా బండి అరవైలో పోవాలంటే ఎవరైనా ఎత్తి విసరాలి."

అక్క పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. అల్లుడికీ నవ్వు వచ్చింది కానీ మధ్యలోనే ఆగిపోయింది. మామయ్య అల్లుడి ముఖంలోకే చూస్తున్నాడు. ఇంత చదువుకున్న మనిషి, రోడ్డు మీద, నలుగురి ముందూ. ఇప్పుడు కోపం వస్తుందా? మామగారు పన్నాగం పన్ని పరువు తీశాడనుకుంటాడా? అలా అనుకుంటే ఈ మనిషి మళ్లీ తన ఇంట్లో మునుపటిలా కూర్చుని భోజనం చేయలేడు.

అల్లుడు లేచి బీమ్‌ని రెండు చేతులా జాగ్రత్తగా పక్కకి తీశాడు.

"మామయ్యగారూ, కోర్ కోసే మిషను ఇప్పుడు రప్పించగలమా? చక్రాలు పడని అంచున ఒక ముక్క కోయించి చూడాలి. నత్తన్న రోలింగ్ బాగాలేదని నేను ఊహించి రాశాను. ఒక్క అడుగు లోతు తవ్వి చూడలేదు." అని, కాస్త ఆగి, "చూడకుండా రాశాను," అన్నాడు మళ్లీ.

మామయ్యకి అప్పుడు అల్లుడి మీద పొంగుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. చేతులు పట్టుకుందామనుకున్నాడు. కానీ అల్లుడి రెండు చేతుల్లోనూ బీమ్ ఉంది.

*

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికే అల్లుడు కిందికి వచ్చి తలుపు తట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో పాత గుడ్డలో చుట్టిన బరువైనదేదో ఉంది.

"మామయ్యగారూ, చిక్కొచ్చింది. లెక్క మళ్లీ కట్టాను. లారీలు నిలబడటం, పాకడం, ఎండ వేడి, అన్నీ వేశాను."

"పందొమ్మిదికి వచ్చిందా?"

"రాలేదు. ఇరవై నాలుగుకి పోయింది." కాగితం చూపించాడు. "మొదట తక్కువ చెప్పాను, ఇప్పుడు ఎక్కువ చెబుతున్నాను. తెల్లవారుజాము దాకా తప్పు ఎక్కడుందో వెతికాను. లెక్కలో తప్పు లేదు. ఆ మిట్ట మీద మామూలుగా వేసిన రోడ్డు అయితే ఈపాటికి ఇరవై నాలుగు మిల్లీమీటర్లు దిగిపోయి ఉండాలి. ఇది పందొమ్మిది దగ్గరే నిలబడింది."

ఆవిడ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి అక్కడే నిలబడింది.

"అంటే?" అంది.

"అంటే ఆ రోడ్డు మామూలుగా వేసింది కాదండీ అత్తయ్యగారూ." అల్లుడు గుడ్డ విప్పాడు. లోపల మిట్ట అంచున కోసిన రోడ్డు ముక్క, గుండ్రంగా, బరువుగా, నల్లగా ఉంది. "నిన్న సాయంత్రం ల్యాబులో తూచాను. ఇరవై కిలోమీటర్లలో ఇంత గట్టి ముక్క ఇంకెక్కడా దొరకలేదు. రోడ్డు పాడవడానికి కారణమని నేను ఎవరి పేరు రాశానో, ఇంకా పాడవకుండా ఆపింది ఆయనే."

ఎవరూ టీ ముట్టుకోలేదు. ఇద్దరూ చెప్పులు వేసుకుని బయల్దేరారు.

యార్డులో నత్తన్న రోలర్ పెద్ద చక్రాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. అప్పగింతలకి సిద్ధం చేస్తున్నట్టు తుడుస్తున్నాడు. ఇద్దర్నీ చూసి గుడ్డ భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"తాళాలు ఇచ్చేయనా సార్?"

"ఆ మిట్ట దగ్గర ఎలా తిప్పారో ఒకసారి చెప్పండి," అన్నాడు అల్లుడు. "ఎన్నిసార్లని కాదు. ఎలా తిప్పారని."

నత్తన్న ముల్లు మామయ్య వైపు చూశాడు. మామయ్య తల ఊపాడు.

"మిట్ట ఎక్కేటప్పుడు రోలర్ బరువు వెనక్కి పోతుంది సార్. మెత్తటి తారుని ముందుకి తోసేస్తుంది గానీ అణచదు. అందుకని ఎక్కడం లెక్కలోకి తీసుకోకూడదు. దిగేటప్పుడే పడుతుంది. నేను అందరిలాగా తిప్పాక, కిందికి దిగుతూ ఇంకొన్నిసార్లు తిప్పాను. తారు వేడిగా ఉన్నప్పుడే అవ్వాలి అది. మేస్త్రీ డీజిలు తగలేస్తున్నావని కేకలేశాడు. ఎన్నిసార్లో నిజంగానే లెక్క పెట్టలేదు. చక్రం కింద చప్పుడు మారుతుంది సార్. మారేదాకా తిప్పాను."

అల్లుడు గుడ్డలోని ముక్క తీసి ఆయన చేతుల్లో పెట్టాడు. నత్తన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, కోసిన వైపు బొటనవేలితో రుద్దాడు. వేలికి గుంటలేవీ తగల్లేదు.

"ఇది ఎక్కడిది సార్?"

"మీదే. మిట్ట దగ్గరిది." అల్లుడు కాగితం తెరిచాడు. "రిపోర్టులో ఇలా రాశాను, వినండి. ‘పద్నాలుగో కిలోమీటరు వద్ద అంచనా తప్పడానికి కారణం అంచనా వేసిన ఇంజనీరు నిలిచి ఉండే వాహనాలను పరిగణించకపోవడం. సరిచేసిన అంచనా ఇరవై నాలుగు, కొలత పందొమ్మిది. ఈ మేలుకు కారణం రోలర్ డ్రైవరు అనుసరించిన పద్ధతి. వాలు రోడ్లన్నిటికీ ఈ పద్ధతిని ఆయన చేత నేర్పించవలసిందిగా సిఫార్సు.’ కింద మీ పేరు ఉంది, కొలిచిన మామయ్యగారి పేరు ఉంది. తప్పు లెక్క వేసినవాడిగా నా పేరు ఉంది."

మామయ్య ముఖం అటు తిప్పుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగితే తిరిగాయి, యార్డులో దుమ్ము ఎక్కువ అని చెప్పుకోవచ్చు.

నత్తన్న అంతా విన్నాడు. అందులో తన పేరు వచ్చినచోట కూడా ఆయన ముఖం పెద్దగా మారలేదు. ముక్కని ఇంకా చేతుల్లోనే తిప్పుతూ ఏదో ఆలోచిస్తున్నాడు.

"ఇరవై నాలుగు రావాల్సింది పందొమ్మిది వచ్చిందంటారు," అన్నాడు.

"అవును."

"చప్పుడు మారేదాకా తిప్పానన్నాను గానీ, మేస్త్రీ కేకలేశాడని ఆఖరిసారి తిప్పకుండా దిగిపోయాను సార్ ఆ రోజు. చప్పుడు ఇంకా పూర్తిగా మారలేదని నాకు తెలుసు. అయినా దిగిపోయాను." ముక్కని వెనక్కి ఇచ్చాడు. "ఆ ఒక్కసారి కూడా తిప్పి ఉంటే పదిహేడు దగ్గరే ఆగేది."

అల్లుడు జేబులోంచి కలం తీసి, రోలర్ చక్రం మీదే కాగితం పెట్టుకుని, ఆ మాట కూడా రాసుకున్నాడు.